బాదం పువ్వు ఎలాగుంటుంది

ఏలీయా పాస్టరు సైకిలు దిగి
గుడ్డసంచీలోంచి పుస్తకం తీసి
మా కొలిమి ముందు నిలబడే చదివాడు:
దీపవృక్షం. ప్రక్కల ఆరు కొమ్మలు.
కొమ్మ కొమ్మకీ కలశాలు, మొగ్గ, పువ్వు,
అన్నీ బాదం పువ్వు రూపం.

నాన్న బీడీ చెవిమీద పెట్టుకుని
"బాదం పువ్వు ఎలగుంటాది బాబూ?" అన్నాడు.

పాస్టరుకి తెలీదు.
మా బుడితిలో బాదమంటే
స్కూలు గేటు పక్క ఎర్రాకుల చెట్టు,
రాయితో పగలగొట్టి తినే పప్పు.
అది కాదట.
ఆ దేశంలో చలి పోకముందే, ఆకు రాకముందే
అన్నిటికన్నా ముందు లేచే చెట్టట.
వాళ్ళ భాషలో దాని పేరులోనే మెలకువ ఉందట.

"అయితే జీడిమామిడే," అన్నాడు నాన్న.
పాస్టరు నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి
"సరే, జీడిపువ్వే పెట్టండి" అన్నాడు.

బంగారం పుస్తకంలోది. చర్చికి ఉన్నది ఇత్తడి.
ఆదివారం ఆడవాళ్ళు ఇంట్లోవి తెచ్చారు.
నేను కాటా దగ్గర కూచున్నాను.
చెవి ఊడిన బిందె. ఉగ్గుగిన్నె, నూట నలభై గ్రాములు.
చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిన మరచెంబు,
సగం పేరు తోమితోమి అరిగిపోయింది.

ఎడారిలోనూ ఇలాగే, అన్నాడు పాస్టరు.
గుడారం వాకిట కొలువుచేసే ఆడవాళ్ళు
తమ అద్దాలు ఇచ్చేశారట, అప్పటి అద్దాలు ఇత్తడివి.
మొహం చూసుకునేది కరిగి
చేతులు కడుక్కునే గంగాళం అయింది.

అందరూ వెళ్ళాక నయోమమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పితే, లోటా.
"మా అయ్య దాలయ్యది.
నాయుడుగోరి పెరటి సూరులో ఉండేది.
అరుగుమీంచి గంజి పోసీవోరు, ఎత్తునించి, తగలకండా.
ఆ ఇల్లు కూల్సినప్పుడు నానే తెచ్చుకున్నాను.
అమ్మనేదు. అందల తాగనేదు."

పాస్టరు ఏదో ఒకటి మాట్లాడాలని
యాజకుడి అంగీ సంగతి చెప్పాడు,
అంచు చుట్టూ బంగారు గంటలు,
లోపలికి పోయేటప్పుడు చప్పుడు వినపడాలట,
వినపడకపోతే చావేనట.

నయోమమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది.
"మా అయ్యా అంతే బాబూ, కేకెయ్యకండా
ఆ ఈదిలోకి ఎల్నేడు.
గంటలే నేవు."

నాన్న లోటా తిరగేశాడు.
అడుగున మూడు గీతలు, పక్కన చేప.
మా తాత గుర్తు.
ఎవరు చేయించారో, ఏ చూరుకోసమో
ఆయనకి తెలీకుండా ఉంటుందా?
కొలిమిలో బొగ్గు చిటపటమంది.
నేను బరువు రాయలేదు.

మట్టి అచ్చులు ఎండాయి. మైనం కరిగి కారిపోయింది.
అతిపరిశుద్ధ స్థలంలో చివరికి ఏముండేదని
నేనే అడిగాను పాస్టరుని.
మందసం పోయాక ఏమీ లేదట.
పరదేశపు సేనాని ఒకడు తెర తోసుకుని వెళ్ళి
ఉత్త చీకటి చూసి బయటికొచ్చాడట.
"అచ్చులోనూ అంతే," అన్నాడు నాన్న, మూస పట్టుకుని,
"మైనం పోయి, ఇత్తడి ఇంకా రాదు సూడు.
ఆ గడియకే నాకు భయం."

పోశాడు.

మూడో కొమ్మ కొంచెం వంగింది.
జీడిపువ్వులు మాత్రం
చీమలు వస్తాయేమో అన్నట్టున్నాయి.
క్రిస్మసుకి నయోమమ్మ కొమ్మ కొమ్మా తడిమి
"ఏదిర అమ్మీ మాది?" అంది.
తెలీదన్నాను. నిజంగా తెలీదు.

ఒకటి మాత్రం చెప్పలేదు.
లోటా అడుగుబిళ్ళ నాన్న ఆ రాత్రే కోసి తీశాడు,
"ఇది దీపంలోకి పోకూడదు" అని.
ఇప్పుడది తిత్తి పక్క గూట్లో ఉంది,
బోర్లించి, గుర్తు గోడవైపు.
పొద్దున్నే పని మొదలెట్టేముందు
చింతపండేసి తోముతాడు.
అందులో మొహం కనిపించేదాకా తోముతాడు.